తూకం ఒకటే, తగ్గింది వేరు

బరువు తగ్గాలనుకునే మనిషి నడవాలా, బరువులెత్తాలా? ఈ ప్రశ్నకు దాదాపు నాలుగున్నరేళ్ల తేడాతో వెలువడిన రెండు పరిశోధన పత్రాలు, పైపైన చూస్తే, ఎదురెదురు జవాబులిచ్చాయి. మొదటిది 2012 డిసెంబరులో జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఫిజియాలజీలో వచ్చింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన లెస్లీ విల్లిస్, ఆమె సహచరులు రాసిన పత్రమిది. రెండోది 2017 మేలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. బేలర్ వైద్య కళాశాలకు చెందిన డెన్నిస్ విల్లారియల్ బృందం దాన్ని రాసింది. మొదటిది చదివినవారు కొవ్వు కరగడానికి నడక, పరుగే మార్గమన్నారు. రెండోది చదివినవారు బరువులు ముట్టకుండా బరువు తగ్గడం మంచిది కాదన్నారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇవి పోట్లాడుకుంటున్నాయని నాకనిపించలేదు. అడిగిన ప్రశ్నలే వేరు. ఆ రెండు ప్రశ్నల్లో మనకు అవసరమైనది రెండోదని, మనదాకా బాగా వచ్చింది మాత్రం మొదటిదాని జవాబేనని, అదీ సగమేనని నా అభిప్రాయం.

డ్యూక్ పత్రాన్ని ముందు చూద్దాం. వ్యాయామం అలవాటు లేని, ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్న 119 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపు వారానికి సుమారు 12 మైళ్లు, అంటే 19 కిలోమీటర్లకు సమానమైన శ్రమ చేసింది. అదీ తీరిగ్గా కబుర్లాడుతూ నడిచే నడక కాదు. శరీరం గరిష్ఠంగా వాడుకోగలిగిన ప్రాణవాయువులో 65 నుంచి 80 శాతం ఖర్చయ్యేంత జోరుగా చేయించారు. రెండో గుంపు వారానికి 3 రోజులు బరువులెత్తింది. ఒక్కో వ్యాయామం 3 సెట్లు, సెట్‌కు 8 నుంచి 12 సార్లు. మూడో గుంపు రెండూ చేసింది. ఇలా ఎనిమిది నెలలు.

ఫలితాల పట్టికలో నడక, పరుగు గుంపు సగటున 1.76 కిలోలు తగ్గింది. అందులో 1.66 కిలోలు కొవ్వే. బరువులెత్తిన గుంపు తగ్గకపోగా 0.83 కిలో పెరిగింది. వారి కొవ్వు పావు కిలో మాత్రమే తగ్గింది. కొవ్వు కాని భాగం, అంటే కండ, నీరు, అవయవాలు అన్నీ కలిపిన లెక్క, ఒక కిలోకు కాస్త పైన పెరిగింది. పత్రం బయటికి రాగానే పత్రికలు పట్టుకున్నది ఈ రెండు వరసలనే. ఎనిమిది నెలలు ఇనుము మోస్తే బరువు పెరుగుతారట అన్న మాట ప్రచారానికి చాలా అనువుగా ఉంటుంది.

నన్ను ఆపింది మూడో వరస. రెండూ చేసినవారు 1.63 కిలోలు తగ్గారు. కాటా ఒక్కటే చూస్తే నడిచినవారికన్నా వెనకబడ్డారు. కానీ వారిలో కరిగిన కొవ్వు 2.44 కిలోలు, పైగా కొవ్వు కాని భాగం 0.81 కిలో పెరిగింది. శరీరంలో కొవ్వు శాతం అందరికన్నా ఎక్కువ తగ్గింది వీరికే. కొవ్వులో ఆ తేడా గణాంకాల పరీక్షకు గట్టిగా నిలవలేదని రచయితలే చెప్పారు, దాన్ని దాచలేదు. రెండూ చేయాలంటే సమయం రెట్టింపు పడుతుందని కూడా అన్నారు. ఆ లెక్క వేసుకుని, కొవ్వూ బరువూ తగ్గించడానికి నడక, పరుగు లాంటివే అనువైనవని ముగించారు. అయితే ఆ వాక్యం అక్కడ ఆగలేదు. కొవ్వు కాని భాగం పెరగాలంటే మాత్రం బరువుల వ్యాయామం ఉండాలని అదే వాక్యం రెండో సగంలో ఉంది. శీర్షికలు పెట్టినవారు ఆ సగాన్ని వదిలేశారు. ఒక శాస్త్రపత్రానికి జరగగల అన్యాయాల్లో ఇది చిన్నది కాదు.

డ్యూక్ పత్రంపై నాకున్న అసలు అభ్యంతరం వేరే ఉంది. ఆ ఎనిమిది నెలలూ వారి తిండిని ఎవరూ తగ్గించలేదు. మామూలుగా తినేదే తింటూ ఉండమన్నారు. వ్యాయామం ఒక్కటే ఏం చేస్తుందో తేల్చాలంటే అలాగే చేయాలి కాబట్టి పరిశోధనగా అందులో తప్పులేదు. కానీ బరువు తగ్గాలని నిర్ణయించుకున్న మనిషి అలా ఉండడు. మొదట చేసేదే కంచంలో కోత. రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలకు దిగుతారు, టిఫిన్ తగ్గిస్తారు, స్వీట్లు మానేస్తారు, కొందరు ఒంటిపూట భోజనానికి వస్తారు. డ్యూక్ పత్రంలో ఈ మనిషి లేడు. ఎనిమిది నెలల జోరైన నడకకు రెండు కిలోలైనా తగ్గకపోవడమే చూడండి. తిండి తగ్గించకుండా వ్యాయామంతోనే బరువు తగ్గడం ఎంత కష్టమన్నదే ఆ పత్రం చెప్పిన అతి ముఖ్యమైన సంగతి. దాన్ని గురించి మాట్లాడినవారు తక్కువ.

తిండి తగ్గించినప్పుడు శరీరం లోటును కొవ్వుతో మాత్రమే పూడ్చుకోదు. అప్పు తీర్చడానికి ఇంట్లో పాత ఇనుముతో పాటు బంగారం కూడా తీసుకెళ్లి అమ్మినట్టు, కొవ్వుతో పాటు కండనూ ఖర్చు పెడుతుంది. అలా ఖర్చవుతున్నదాన్ని ఆపవచ్చా, ఆపితే ఎంత ఆపవచ్చు? డ్యూక్ పత్రం ఈ ప్రశ్న అడగలేదు. విల్లారియల్ పత్రం మొదలయ్యేదే ఇక్కడ.

ఇందులో 160 మంది. అందరూ 65 ఏళ్లు దాటినవారు, స్థూలకాయులు, ఒంట్లో సత్తువ తగ్గుతున్నవారు. నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు తిండిలో గానీ వ్యాయామంలో గానీ కార్యక్రమం ఏదీ పెట్టలేదు. మిగతా మూడింటికీ రోజుకు 500 నుంచి 750 క్యాలరీల లోటు పెట్టారు. కిలో శరీర బరువుకు ఒక గ్రాము చొప్పున మంచి ప్రోటీన్ అందేలా చూశారు. ఆ మూడింటిలో ఒకటి ట్రెడ్‌మిల్, సైకిల్, మెట్లు, ఒకటి యంత్రాలపై బరువులు, ఒకటి రెండూ. వారానికి మూడుసార్లు, ఆరు నెలలు.

చివరికి మూడు గుంపులూ కాటా మీద ఒకే చోటికి చేరాయి. అందరూ 9 శాతం తగ్గారు. బరువు ఒక్కటే చూసే డాక్టరో, బంధువో, ట్రైనరో అయితే అక్కడితో ఫైలు మూసేసి, ఏం చేసినా ఒకటే అని తేల్చేవారు. విల్లారియల్ బృందం ఆ 9 శాతాన్ని విప్పి చూసింది. ట్రెడ్‌మిల్ గుంపులో కొవ్వు కాని భాగం 55.0 కిలోల నుంచి 52.3కు, అంటే 5 శాతం పడిపోయింది. బరువులెత్తిన గుంపులో 58.1 నుంచి 57.1కు, 2 శాతం. రెండూ చేసినవారిలో 3 శాతం. తుంటి ఎముక సాంద్రత ట్రెడ్‌మిల్ గుంపులో 3 శాతం తగ్గితే, బరువుల గుంపులో అర శాతం, రెండూ చేసినవారిలో 1 శాతం తగ్గింది. తూకంలో ఎవరికీ ఎవరితోనూ తేడా లేదు, కానీ ఒకరు మోసుకెళ్లే శరీరం ఇంకొకరిది కాదు. అరవై అయిదేళ్లు దాటాక జారిపడి తుంటి విరిగిన పెద్దవారున్న ఇళ్లలో ఆ 3 శాతానికి అర్థం ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ పత్రాన్ని నేను ఎక్కువ గౌరవించడానికి కారణం ఇది కూడా కాదు. రెండు బృందాలూ దేన్ని ముఖ్య ఫలితంగా ఎంచుకున్నాయో చూడాలి. డ్యూక్ వారు శరీరంలో ఎన్ని కిలోలు, అందులో కొవ్వెంత అని చూశారు. విల్లారియల్ బృందం మొదట కొలిచింది మనిషి చేయగలిగే పనుల్ని. కుర్చీలోంచి చేత్తో ఆనుకోకుండా వరసగా ఐదుసార్లు లేవడం, నేలమీద పడిన నాణెం తీయడం, కోటు తొడుక్కుని విప్పడం, పుస్తకం ఎత్తి అరలో పెట్టడం, మెట్లెక్కడం, యాభై అడుగులు నడవడం. వీటన్నిటికీ మార్కులు వేసే ఒక పరీక్ష ఉంది. ఆ మార్కులు రెండూ చేసినవారిలో 21 శాతం పెరిగాయి. ఒక్కటే చేసిన రెండు గుంపుల్లోనూ 14 శాతం పెరిగాయి. మనిషి ఎంత తూగుతున్నాడన్నదానికన్నా తగ్గాక ఏం చేయగలుగుతున్నాడన్నది పెద్ద ప్రశ్న అని ఒప్పుకుని, దాన్నే ముందు పెట్టుకుని మొదలైన పరిశోధన ఇది. బరువు తగ్గడం గురించి రాసే ప్రతి ఒక్కరూ ఆ ఎంపిక దగ్గర కాసేపు ఆగాలి.

ఆ 14, 14 అంకెల్ని బరువుల పక్షం వారు కూడా జాగ్రత్తగా చూడాలి. బరువులు ఒక్కటే ఎత్తినవారు పనుల పరీక్షలో నడిచినవారిని మించలేదు. బలం బరువుల గుంపులో 19 శాతం పెరిగితే నడక గుంపులో 4 శాతమే. కానీ ప్రాణవాయువు వాడుకునే శక్తి నడక గుంపులో 18 శాతం పెరిగి, బరువుల గుంపులో 8 దగ్గర ఆగింది. రెండూ చేసినవారికి బలం 18, ప్రాణవాయువు 17. కాబట్టి కార్డియో దండగ, వెయిట్సే చాలు అని చెప్పే ట్రైనర్‌కు ఈ పత్రం సాక్ష్యం ఇవ్వదు. ఈ ఒక్క విషయంలో రెండు పత్రాలూ చేయి కలుపుతున్నాయి. రెండింట్లోనూ అన్ని కోణాల నుంచీ చూస్తే మెరుగ్గా ఉన్నది కలిపి చేసినవారే.

లోపాలు రెండోదానికీ ఉన్నాయి. తిండి మాత్రమే తగ్గించి వ్యాయామం ఏమీ చేయని గుంపు అందులో లేదు. అందుకే వ్యాయామం లేకుండా డైటింగ్ చేస్తే ఏమవుతుందో అది నేరుగా చెప్పలేదు. దానికి అదే విల్లారియల్ 2011లో అదే పత్రికలో ప్రచురించిన పాత పత్రం తెరవాలి. 107 మంది వృద్ధులు, ఏడాది కాలం. తిండి మాత్రమే తగ్గించినవారు 10 శాతం బరువు తగ్గారు, తిండి తగ్గించి వ్యాయామమూ చేసినవారు 9 శాతం. కానీ కొవ్వు కాని భాగం మొదటివారిలో 5 శాతం పోతే రెండోవారిలో 3 శాతం పోయింది. ఆ వ్యాయామంలో బరువులు, నడక, తూలకుండా నిలబడే సాధన అన్నీ కలిసే ఉన్నాయి కాబట్టి ఘనతంతా బరువులదే అనలేం. 2017 పత్రం ఆ ముడిని విప్పడానికే పుట్టిందనుకుంటే రెండూ ఒకే రచన రెండు భాగాల్లా చదువుకోవచ్చు.

ఇంకో ప్రశ్న. అరవై అయిదు దాటినవారిలో తేలిన సంగతి నలభై ఏళ్ల మనిషికి వర్తిస్తుందా? ఇక్కడ కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి 2016లో వచ్చిన ఒక చిన్న పత్రం పనికొస్తుంది. లాంగ్‌లండ్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 40 మంది యువకుల తిండిని 40 శాతం కోసి, వారానికి 6 రోజులు బరువులు, జోరైన వ్యాయామాలు నాలుగు వారాలపాటు చేయించారు. ఒక గుంపుకు కిలో శరీర బరువుకు 1.2 గ్రాముల ప్రోటీన్, ఇంకో గుంపుకు 2.4 గ్రాములు. ఎక్కువ ప్రోటీన్ తిన్నవారిలో కొవ్వు 4.8 కిలోలు పోయి, కొవ్వు కాని భాగం 1.2 కిలోలు పెరిగింది. తక్కువ తిన్నవారిలో కొవ్వు 3.5 కిలోలు పోయింది, కొవ్వు కాని భాగం ఉన్నచోటే ఉంది. అంత కఠినమైన కోతలోనూ కండను నిలబెట్టుకోవచ్చని తేలింది. అయితే అందరూ కుర్రవాళ్లు, అందరూ మగవాళ్లు, నాలుగే వారాలు. దాన్ని అందరికీ పథకంగా పెట్టకూడదు. అది చూపిన దిశ మాత్రం విల్లారియల్ చూపినదే.

ఇప్పుడు మన ఒంటికి వస్తాను, ఎందుకంటే ఈ పత్రాల్లో దేనిలోనూ మన ఒళ్లు లేదు. 2004లో లాన్సెట్‌లో పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో ఒకటి అచ్చయింది. ఇద్దరి బీఎమ్ఐ ఒకటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడ్డానికి సన్నగా ఉంటూనే లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండడం భారతీయుల శరీరాల్లో తరచుగా కనిపించే తీరని ఆ ఫొటో ఒక్కసారిగా అర్థం చేయించింది. మొదటే కండ తక్కువున్న ఒంటికి డైటింగ్‌లో 5 శాతం పోవడమూ, 2 శాతం పోవడమూ ఒకే విషయం కాదు. విల్లారియల్ పత్రం అమెరికా వృద్ధుల గురించి చెప్పింది మన దగ్గర నడివయసులోనే ఆలోచించాల్సిన విషయమని నేను నమ్ముతాను.

మన కంచంలోనూ ఒక చిక్కుంది. బరువు తగ్గాలంటే మనం ముందు కోసేది అన్నాన్ని. వంద గ్రాముల బియ్యంలో ఎనిమిది గ్రాములకు కాస్త తక్కువ ప్రోటీన్ ఉంటుంది. రోజంతా తినే అన్నమే పెద్ద మొత్తం కాబట్టి మనలో చాలామందికి ప్రోటీన్‌లో గణనీయమైన భాగం బియ్యం నుంచే వస్తోంది. అన్నం సగానికి కోసి, ఆ చోటులో మరో గరిటె పప్పో, గుడ్డో, చేపో, పెరుగో, పనీరో పెట్టకుండా కీరదోస ముక్కలు, మజ్జిగ పెడితే క్యాలరీలతో పాటు ప్రోటీన్ కూడా కోసినట్టే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాములు సిఫారసు చేస్తోంది. విల్లారియల్ తన డైటింగ్ గుంపులకు పెట్టింది 1 గ్రాము. 65 కిలోల మనిషికి అది 65 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో ఇరవై రెండు, ఒక గుడ్డులో ఆరు గ్రాముల దాకా ఉంటుందని గుర్తు పెట్టుకుంటే మన రోజు కంచం ఎక్కడ ఆగుతోందో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు. కిడ్నీ జబ్బున్నవారు ప్రోటీన్ పెంచే ముందు డాక్టర్‌ను అడగాల్సిందే.

హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ ఆర్కే బీచ్ వెంట తెల్లవారుజామున నడిచే వేలమందిని చూసినప్పుడు నాకు నిజంగా సంతోషం కలుగుతుంది. ఆ నడకను తక్కువ చేయడానికి ఈ వ్యాసం రాయలేదు. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నడిచేవారిలో చాలామంది మొదటి భాగాన్ని శ్రద్ధగా పాటిస్తున్నారు. రెండో భాగం ఎవరి ఇంటి సంభాషణలోనూ నాకు పెద్దగా వినపడదు.

మొదలుపెట్టినవారిలో కూడా చాలామంది ఒక కిలో డంబెల్ దగ్గరే నెలల తరబడి ఆగిపోతారు. విల్లారియల్ వృద్ధులు అలా ఆగలేదు. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 65 శాతంతో మొదలుపెట్టి, ఒంటికి అలవాటయ్యే కొద్దీ పెంచుకుంటూ 85 శాతం దాకా వెళ్లారు. డెబ్బై ఏళ్లవారు! పర్యవేక్షణలో, యంత్రాల మీద, నెమ్మదిగా. బలం పెరగడంలోని కీలకం ఆ పెంపులో ఉంది. అదే బరువును రోజూ అన్నేసిసార్లు ఎత్తుతూ పోతే ఒళ్లు కొంతకాలానికి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. జిమ్ దొరకని ఊళ్లో వ్యాయామశాల దండీలు, బస్కీలు ఉన్నాయి. కుర్చీ పట్టుకుని కూర్చుని లేవడంతో మొదలుపెట్టి, పట్టు లేకుండా, ఆ తర్వాత భుజాన ఓ సంచీ వేసుకుని చేస్తే అక్కడా పెంపు ఉంటుంది. బీపీ, గుండె జబ్బు, మోకాళ్ల అరుగుదల ఉన్నవారు ముందు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి.

ఆడవాళ్లు బరువులెత్తితే మగవాళ్లలా తయారవుతారన్న భయానికి జవాబు, చిత్రంగా, బరువులను తక్కువ చేసిందని అందరూ అనుకున్న డ్యూక్ పత్రంలోనే ఉంది. వారానికి 3 రోజులు, 3 సెట్లు, ఎనిమిది నెలలు, తిండి తగ్గించకుండా చేసినా ఒళ్లంతటికీ కలిపి పెరిగింది కిలో చిల్లర. తిండి తగ్గించి బరువులెత్తిన విల్లారియల్ గుంపులో అదీ లేదు, తగ్గుదల నెమ్మదించిందంతే. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. అది చిన్ననాటి నుంచి ఏళ్ల తరబడి, దాన్నే జీవితంగా చేసుకుని సాధించిన బలం. వారానికి రెండు గంటలు డంబెల్స్ పట్టుకున్న గృహిణికి అటువంటి శరీరం పొరపాటున వచ్చిపడదు. ఆమెకు వచ్చేది నలభై దాటాక జారిపోయే కండను కొంత పట్టి ఉంచగలిగే శక్తి. నెలసరి ఆగాక ఎముకలు పలచబడే ఆడవారికి విల్లారియల్ పత్రంలోని తుంటి ఎముక వరస మగవారికన్నా ఎక్కువ అవసరం.

ఈ పోలికకు ఇప్పుడే ఇంత తొందర ఎందుకంటే, 2025లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశంలోకి వచ్చాయి. మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. ఇవి ఆకలిని అణిచి, మనిషి తనంతట తానే తక్కువ తినేలా చేస్తాయి. అవసరమైనవారికి ఇవి పెద్ద మేలు చేసే మందులే. కానీ వీటితో తగ్గే బరువులోనూ అంతా కొవ్వు కాదు, కండ కూడా పోతుంది. వ్యాయామంతో ఎనిమిది నెలల్లో రెండు కిలోలైనా తగ్గని డ్యూక్ ప్రపంచం కాదు ఇది. తిండి లోటుతో వేగంగా తగ్గే విల్లారియల్ ప్రపంచం. ఈ మందులు వాడేవారికి ఏ పత్రం చదివి సలహా ఇవ్వాలో తేల్చుకోవాల్సింది మన డాక్టర్లు. మందు పేరు రాసిన చీటీలోనే వారానికి రెండు రోజులు బరువులు, రోజుకు ఇన్ని గ్రాముల ప్రోటీన్ అని కూడా రాయాలని వారిని కోరుతున్నాను. ప్రతి నెలా కాటా మీద అంకెతో పాటు, ఆ మనిషి చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా కొలిచి, దాని పక్కనే రాయాలి.